ఇల్మూ హునరూ ఒక్క చేతిలో: మీర్ ఫతహుల్లా షీరాజీ



ప్రతి ఏడూ ఈ సంచికలో మన పూర్వికులలో ఒక మహనీయుని గురించి రాసుకోవడం ఆనవాయితీ. ఎక్కువగా రాజుల గురించో, కవుల గురించో, వలీల గురించో రాస్తుంటాము. ఈసారి ఒక ఇంజనీరు గురించి రాయాలనిపించింది. ఆయన పేరు మీర్ ఫతహుల్లా షీరాజీ. అక్బరు బాదుషా దర్బారులో పనిచేసి 1589లో కన్నుమూశారు. ఆయన పేరు మనలో చాలామంది విని ఉండరు. ఉర్దూ మీడియంలో పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్న నేను కూడా ఆయనను ఆలస్యంగానే తెలుసుకున్నాను. అలా తెలుసుకోవడానికి ఒక కారణం ఉంది. ముందు అది చెప్పి తర్వాత ఆయన కథలోకి వస్తాను.

మన ఇళ్ళలో ఉస్తాద్ అనే మాట ఇద్దరికి వాడతాము. మద్రసాలో సబఖు చెప్పేవారు ఉస్తాదే. రోడ్డు పక్క షెడ్డులో గ్రీజు చేతులతో గేరుబాక్సు విప్పేవారూ ఉస్తాదే. మాట ఒకటే గానీ మర్యాద ఒకటి కాదు. మొదటివారిని చూస్తే లేచి నిలబడతాము. రెండోవారి దగ్గరికి చదువు రాని పిల్లవాణ్ణి పంపిస్తాము. మదనపల్లిలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ మన పిల్లలు ఎంతమంది ఇలా లేతు షెడ్లకూ, లారీ షెడ్లకూ చేరుతున్నారో సభ్యులకు తెలియనిది కాదు.

కొన్నేళ్ళ కిందట అలాంటి ఒక పిల్లవాడు ఏడో తరగతిలో బడి మానేశాడు. తండ్రి తోపుడుబండి మీద పండ్లు అమ్ముకునే మనిషి. టీసీ అడిగితే రాసిచ్చింది నేనే. ఒక మాట నచ్చజెప్పి చూద్దామని కూడా ఆ రోజు నాకు తోచలేదు. తర్వాత చాలా రోజులకు ఇంటిపక్కవారి పిండిమర ఇరుసు విరిగితే వాళ్ళతోపాటు ఒక లేతు షెడ్డుకు వెళ్ళాను. అక్కడ వాడే ఉన్నాడు. నన్ను చూసి సలాం చేసి రెండు విరిగిన ముక్కలు తెచ్చి నా ముందు పెట్టాడు. ఒకటి పోత ఇనుముది, ఏటవాలుగా మెలిపడి విరిగింది. ఇంకొకటి మెత్తని ఉక్కుది, కత్తితో కోసినట్టు అడ్డంగా తెగింది. రెండూ మెలితిరిగే విరిగాయి కదా, మరి విరుపు ఇలా వేరుగా ఎందుకుంది సార్ అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు వెతికాను. అలా వెతుకుతూ వెతుకుతూ, తిరిగే యంత్రాల చరిత్రలో మీర్ సాహెబ్ దగ్గరికి చేరాను.

షీరాజు నుంచి బీజాపూరుకు

మీర్ ఫతహుల్లా ఇరాను దేశంలోని షీరాజు పట్టణంవారు. ఆ కాలంలో అది చదువులకు పెట్టింది పేరు. అక్కడ ఆయన పెద్ద పెద్ద ఆలిముల దగ్గర తర్కం, తత్వం, గణితం, ఖగోళం, వైద్యం నేర్చుకున్నారు. అంతటితో ఆగక యంత్రవిద్య కూడా పట్టారు. అరబ్బీలో దానిని ఇల్మె హియల్ అంటారు. బరువులు ఎత్తడం, నీళ్ళు తోడడం, చక్రాలు తిప్పడం అన్నీ అందులోకి వస్తాయి.

ఆయన ఖ్యాతి విని బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్‌షా దక్కనుకు పిలిపించుకున్నాడు. ఈ సుల్తాను మనకు కొత్తవాడు కాదు. 1565లో విజయనగరాన్ని ఓడించిన దక్కను సుల్తానులలో ఒకడు. ఆ యుద్ధం తర్వాతే రాయలవారు రాజధానిని పెనుకొండకూ, ఆ తర్వాత చంద్రగిరికీ మార్చుకున్నారు. అంటే మన సీమ చంద్రగిరి రాయల వైపు ఒరుగుతున్న రోజులలోనే మీర్ సాహెబ్ బీజాపూరులో పాఠాలు చెబుతున్నారన్నమాట. 1580లో అలీ ఆదిల్‌షా హత్యకు గురయ్యాడు. బీజాపూరులో ఆయనకు ఆదరువు పోయింది. ఆ సంగతి తెలిసి అక్బరు కబురు పంపాడు. 1583లో మీర్ సాహెబ్ ఫతేపూర్ సిక్రీ చేరారు.

దర్బారులో అడుగుపెట్టిన కొద్ది కాలానికే పెద్ద బాధ్యతలు వచ్చాయి. రాజా తోడరమల్లుతో కలిసి శిస్తు లెక్కలు సరిదిద్దే పని అప్పగించారు. 1585లో అమీనుల్ ముల్క్ అనే బిరుదు ఇచ్చారు. తర్వాత అజదుద్దౌలా అన్నారు. బాదుషా తరఫున దక్కను రాయబారానికి కూడా వెళ్ళి వచ్చారు గానీ ఆ పని ఫలించలేదు.

ఆయన నిష్ఠ గురించి ఒక సంగతి చెప్పాలి. ఆ దర్బారులో అప్పుడు బాహాటంగా నమాజు చేయడానికి చాలామంది జంకేవారు. మీర్ సాహెబ్ మాత్రం తన షియా మజ్‌హబ్ ప్రకారం దివానులోనే నమాజు చేసేవారు. ఈ సంగతి రాసి పెట్టింది ఆయన మిత్రులు కాదు. ఆయనంటే గిట్టని ముల్లా బదాయూనీ.

మన పాసుపుస్తకంలో ఆయన గుర్తు

మన తాలూకాలలో పాత అడంగళ్ళు చూసినవారికి ఫసలీ అనే మాట తెలుసు. జమాబందీ ఈనాటికీ ఫసలీ లెక్కనే జరుగుతుంది. మన వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది. క్రీస్తు సంవత్సరంలో 590 తీసేస్తే ఫసలీ వస్తుంది. 2024 జూలైలో 1434 ఫసలీ మొదలయింది.

దీని వెనుక రైతు కష్టం ఉంది. హిజ్రీ సంవత్సరం చంద్రుని బట్టి నడుస్తుంది. అది సూర్యుని సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. పంట మాత్రం సూర్యుణ్ణి బట్టి పండుతుంది. హిజ్రీ లెక్కన శిస్తు కట్టిస్తే 32 పంటలకు 33 శిస్తులు కట్టాలి. నమాజుకూ రోజాకూ హజ్జుకూ హిజ్రీ లెక్కే ఉండాలి, అందులో మాట లేదు. కానీ రైతు దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు పంట లెక్క చూడాలి కదా. ఈ చిక్కు తీర్చడానికే అక్బరు కాలంలో ఫసలీ లెక్క వచ్చింది. 1584లో సూర్యమానం మీద ఇలాహీ పంచాంగం తయారుచేసింది సాక్షాత్తు మీర్ సాహెబే. దక్కనుకు ఫసలీ షాజహాను కాలంలో దిగింది. అందుకే ఉత్తరాది ఫసలీకీ మనదానికీ కొంచెం తేడా. నక్షత్రాలను లెక్కించిన చేతులే రైతు శిస్తునూ లెక్కించాయి.

ఒక ఎద్దు, పదహారు గొట్టాలు

ఇక యంత్రాల సంగతి. అబుల్ ఫజల్ రాసిన ఆయినె అక్బరీలో తుపాకుల కార్ఖానా గురించి వివరంగా ఉంది. అంతకు ముందు తుపాకిలో మందు బాగా దట్టిస్తే గొట్టం పగిలిపోయేది. కాల్చినవాడి ప్రాణానికే ముప్పు. అక్బరు కార్ఖానాలో ఇనుప రేకును కాగితం చుట్టినట్టు ఏటవాలుగా చుట్టి, అంచు మీద అంచు ఎక్కించి, కొద్దికొద్దిగా కొలిమిలో పెట్టి అతికేవారు. అతుకు నిలువునా ఒకే గీతగా ఉండక గొట్టం చుట్టూ మెలి తిరుగుతూ పోతుంది. అందువల్ల లోపలి ఒత్తిడికి అతుకు అంత సులభంగా విచ్చుకోదు. మన నీరుగట్టువారిపల్లెలో పట్టుదారానికి పురి ఎక్కించడం చూసినవారికి ఈ మర్మం కొంత అర్థమవుతుంది. పురి లేని పోగులు విడిపోతాయి. పురి పడితే ఒకదానినొకటి పట్టుకుంటాయి.

గొట్టం తయారయ్యాక లోపల నున్నగా శుభ్రం చేయాలి. కాల్చిన తర్వాత కూడా మసి తీయాలి. చేత్తో చేస్తే ఒక మనిషికి ఒక గొట్టమే. దీనికి ఒక చక్రం కట్టారు. ఒక ఎద్దు తిరుగుతుంటే ఒకేసారి 16 గొట్టాలు శుభ్రమయ్యేవి. ఇదిగాక బండి మీద తిరుగలి పెట్టారు. బండి నడుస్తుంటే చక్రాల తిరుగుడుతోనే పిండి విసరబడేది. దండు దారి నడుస్తూనే పిండి ఆడించుకునేది.

ఇవి ఎవరి సృష్టి? అబుల్ ఫజల్ వీటిని బాదుషా ఖాతాలోనే వేశాడు. అదే కాలంలో రాసిన ఇంకొక చరిత్రకారుడు నిజాముద్దీన్ అహ్మద్ మాత్రం తిరుగలి బండి మీర్ సాహెబ్ చేసినదని స్పష్టంగా రాశాడు. ఎద్దు చక్రం వెనుక కూడా ఆయన బుద్ధే ఉందని నేటి పండితులు చాలామంది అంటారు. పని ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం షెడ్లలో పనిచేసే మనవాళ్ళకు కొత్త సంగతి కాదు.

మెలి బలం అంటే ఏమిటి

ఈ యంత్రాలన్నిటికీ ప్రాణం ఒక్కటే, తిరిగే ఇరుసు. ఒక కొసను తిప్పుతాము, ఇంకొక కొసను బరువు పట్టుకుంటుంది. మధ్యలో ఇరుసు మెలిపడుతుంది. తడిగుడ్డ పిండినప్పుడు గుడ్డకు ఏమవుతుందో ఇనుముకూ అదే అవుతుంది, కాకపోతే మన కంటికి కనపడదు. దీనిని మన పాఠ్యపుస్తకాలలో విమోటనం అంటారు. షెడ్డులో మెలి అంటారు. మెలే మంచి మాట.

పుంగనూరు వైపు చెరుకు గానుగలు ఎద్దులతో ఆడిన రోజులు పెద్దలకు గుర్తుండే ఉంటాయి. లెక్క చూడండి. ఎద్దు 50 కిలోల బలంతో, నడుమ గుంజకు 3 మీటర్ల దూరంలో లాగుతోందనుకుందాము. గుంజ మీద పడే మెలి 150 కిలోగ్రాము మీటర్లు. పాత లారీ ఇంజను క్రాంకు మీద పడేది దరిదాపు 40 మాత్రమే. ఎద్దు శక్తి అర హార్సుపవరు కూడా లేదు, లారీది వందకు పైన. అయినా ఎద్దు గుంజ మీదే మెలి ఎక్కువ. ఎందుకంటే ఎద్దు నిమిషానికి రెండు చుట్లే తిరుగుతుంది. మెల్లగా తిరిగేదాని మీద మెలి ఎక్కువ, వేగంగా తిరిగేదాని మీద తక్కువ. పళ్ళ చక్రాలతో వేగం పెంచితే మెలి తగ్గుతుంది, వేగం తగ్గిస్తే మెలి పెరుగుతుంది. అందుకే నడుమ గుంజ లావుగా, గొట్టాలను శుభ్రం చేసే కడ్డీలు సన్నగా ఉన్నా సరిపోతుంది.

మొగిలి ఘాటులో లోడుతో ఎక్కే లారీ డ్రైవరు మొదటి గేరు వేసేది ఇందుకే. వేగం తగ్గించి మెలి పెంచుకుంటాడు. ఆ పెరిగిన మెలి అంతా ప్రొపెల్లర్ షాఫ్టు మీదా, అక్కడినుంచి ఇంకా పెరిగి వెనుక యాక్సిలు మీదా పడుతుంది. అప్పుడు క్లచ్చు దభీమని వదిలితే ఇరుసు తెగేది అక్కడే.

ప్రొపెల్లర్ షాఫ్టు లోపల డొల్లగా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. మెలిని మోసేది ఎక్కువగా పైపొర. నడిమి భాగం దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. ఇరుసు మందంలో సగం మేర నడుమ తొలిచేస్తే బరువు నాలుగో వంతు తగ్గుతుంది, బలం మాత్రం పదహారో వంతే పోతుంది. ఇరుసు మందం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్ల మెలిని ఓర్చుకుంటుంది.

ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు సుద్దముక్కలో దొరికింది. సుద్దముక్క రెండు కొసలూ పట్టుకుని మెలితిప్పండి. అడ్డంగా విరగదు, ఏటవాలుగా, సగం మూలమట్టం వాలులో విరుగుతుంది. మెలి పడినప్పుడు ఆ ఏటవాలు దిక్కులోనే లాగుడు ఎక్కువ. సుద్ద, పోత ఇనుము లాగుడుకు ఓర్వలేవు, అందుకే అలా విరుగుతాయి. మెత్తని ఉక్కు లాగుడుకు ఓర్చుకుంటుంది గానీ పొర మీద పొర జారడానికి ఓర్వలేదు. అందుకే అడ్డంగా తెగుతుంది. నేను షెడ్డుకు వెళ్ళి ఇది చెప్పినప్పుడు వాడు విని, తిరిగి నాకొక పాఠం చెప్పాడు. కీ గాడి మూల పదునుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుందట. అందుకని వాడి ఉస్తాదు ఆ మూలను ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తాడట. పుస్తకంలో చూస్తే అక్షరాలా నిజం. మూలలో బలమంతా గుమికూడుతుందని ఇంజనీర్లు లెక్కలు కట్టి చెప్పిందే ఆ ఉస్తాదు అనుభవంతో చేస్తున్నాడు. కానీ ఎందుకో చెప్పలేడు, రాయలేడు. అందువల్ల ఆ తెలివి ఆ షెడ్డు దాటి బయటికి రాదు.

ఉస్తాదుగా మీర్ సాహెబ్

మీర్ సాహెబ్ గొప్పదనం ఇక్కడే ఉంది. ఆయన మద్రసా ఉస్తాదూ, కార్ఖానా ఉస్తాదూ ఒక్కరే. తుపాకి భుజాన వేసుకుని, నడుముకు మందు సంచి కట్టుకుని బాదుషా సవారీ వెంట పరుగెత్తేవారని బదాయూనీ ఎగతాళిగా రాశాడు. ఇంత చదివినవాడికి ఈ పనేమిటని అతని బాధ. అతను తక్కువ చేసి రాసిందే ఈనాడు మనకు ఎక్కువగా కనిపిస్తున్నది.

అంతటి ఆలిము, అమీర్ల ఇళ్ళకు వెళ్ళి ఏడెనిమిదేళ్ళ పిల్లలకు అక్షరాలు దిద్దించేవారు. అబుల్ ఫజల్ కొడుకు వాళ్ళలో ఒకడు. చిన్న పిల్లలకు చెప్పడం చిన్నతనమని ఆయన అనుకోలేదు. గణితం, తర్కం, తత్వం వంటి విద్యలను హిందూస్థాను మద్రసాలలో గట్టిగా నాటినవారిలో ఆయనే ముఖ్యులు. ఆయన శిష్యపరంపరే తరాలు దాటి లక్నో ఫరంగీమహల్ వరకు వచ్చింది. 1748లో చనిపోయిన ముల్లా నిజాముద్దీన్ పేరు మీద వచ్చిన దర్సె నిజామీ పాఠ్యక్రమమే ఈనాటికీ మన పెద్ద మద్రసాలలో నడుస్తున్నది. సమర్ఖందు రాజు ఉలూగ్‌బేగు ఖగోళ పట్టికలలో కొంత భాగాన్ని సంస్కృతంలోకి తెచ్చిన పని కూడా ఆయన పర్యవేక్షణలోనే జరిగింది. అక్కడ పండితులూ మౌల్వీలూ ఒకే చాప మీద కూర్చున్నారు.

లోపం లేని మనిషి ఉండడు. మామూలుగా ఎంతో మర్యాదస్థుడైన ఆయన పాఠం చెప్పేటప్పుడు మాత్రం శిష్యులను నోటికొచ్చినట్టు తిట్టేవారట. దానివల్ల ఆయన దగ్గరికి వచ్చేవారు తగ్గిపోయారని కూడా బదాయూనీ రాశాడు. ఇది చదివి నాకు నవ్వు రాలేదు. షెడ్డు ఉస్తాదులు స్పానరు విసరడం చూశాను. క్లాసులో నేను అన్న మాటలూ నాకు గుర్తున్నాయి. ఇనుమైనా పిల్లవాడైనా ఓర్చుకునే మెలికి ఒక హద్దు ఉంటుంది. హద్దు లోపల అయితే వదలగానే తిరిగి సరిగా నిలబడతాడు. దాటితే వంకర అలాగే ఉండిపోతుంది.

ఆఖరి ప్రయాణం

1589లో అక్బరు కాశ్మీరు వెళ్ళినప్పుడు మీర్ సాహెబ్ కూడా వెంట వెళ్ళారు. అక్కడ జ్వరం వచ్చింది. తానే వైద్యుడు కదా, హకీము మాట వినకుండా హరీసా తిని తనకు తానే వైద్యం చేసుకున్నారని చెబుతారు. మాంసమూ గోధుమలూ ఉడికించిన ఆ బరువైన తిండి జ్వరానికి పనికిరాలేదు. ఆ ఏడే ఆయన ఇంతకాల్ అయ్యారు. శ్రీనగరులో తఖ్తె సులైమాన్ కొండ దగ్గర దఫన్ చేశారు. బాదుషా తన వకీలునూ, తత్వవేత్తనూ, హకీమునూ, జ్యోతిష్కుణ్ణీ ఒక్కరోజే పోగొట్టుకున్నట్టు దుఃఖించాడు. ఫైజీ కవి ఆయన మీద మర్సియా రాశాడు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక.

సభ్యులకు నా మనవి

ఆ కార్ఖానా ఈనాడు లేదు. తిరుగలి బండీ లేదు. ఆయన తర్వాత ఆ పనిని అంతే శ్రద్ధగా ముందుకు నడిపినవారు మనలో ఎక్కువమంది రాలేదు. ఆలిములు కిందికి దిగి కొలిమి దగ్గర కూర్చోలేదు. కొలిమి దగ్గరివారికి ఎవరూ పలక ఇవ్వలేదు. ఇల్ము ఒక ఇంట్లో, హునరు ఒక ఇంట్లో ఉండిపోయాయి. ఇరుసు రెండు ముక్కలైతే ఒక కొస ఎంత తిప్పినా ఇంకొక కొస కదలదు.

మదనపల్లిలోనూ కుప్పంలోనూ ఇంజనీరింగు కాలేజీలు ఉన్నాయి. మన పిల్లలూ కొందరు చదువుతున్నారు, సంతోషం. వాళ్ళు సెలవులలో ఒక నెల షెడ్డులో కూర్చుంటే పరువు పోదు. షెడ్డులో ఉన్న పిల్లలకు మగ్రిబు తర్వాత ఒక గంట చదువు చెప్పడానికి మన సొసైటీ ఒక గది చూపిస్తే, చెప్పడానికి నేను సిద్ధం. ఆ లేతు షెడ్డు పిల్లవాడు తానూ వస్తానన్నాడు. ఇంకో ఇద్దరిని తెస్తానని కూడా అన్నాడు. ఏడో తరగతి దగ్గర ఆగినవాడు కూడా పదో తరగతి పాసై ఐటీఐ వరకు పోవచ్చు. దారి ఉంది, చెప్పేవారే లేరు.

ఒక మాట తల్లిదండ్రులకు. టీసీ అడిగే ముందు ఒక్కసారి మాతో మాట్లాడండి. ఒక మాట నా తోటి ఉస్తాదులకు. సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళి రండి. నేను వెళ్ళలేదు.

అల్లాహ్ మనందరికీ నఫా ఇచ్చే ఇల్మునూ, హలాలు సంపాదించే హునరునూ ప్రసాదించుగాక. ఆమీన్. వస్సలాం.